4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ ఉన్న చవక ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసుకోవచ్చా? ఏది, ఎలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: డిగ్రీ చదువుతున్నారు. సేల్‌లో చవకగా వచ్చిందని కొన్న ల్యాప్‌టాప్‌లో ఇంటెల్ సెలెరాన్ ఎన్4020 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ ఈఎమ్ఎమ్‌సీ ఉన్నాయి. విండోస్ 11 మాటిమాటికీ హ్యాంగ్ అవుతోంది, అప్‌డేట్‌కి చోటు చాలట్లేదని చెబుతోంది. మీకేమో పైథాన్ నేర్చుకోవాలనుంది, తెలుగులో రాసుకోవాలనుంది. ఒక ఫ్రెండ్ ఉబుంటు వేయమన్నాడు, ఇంకొకరు ఆర్చ్ అన్నారు, రెండూ లినక్స్‌లో రకాలే. విండోస్ ఉంచుకుంటూనే వేసుకోవచ్చా, డేటా పోతుందా, తమ్ముడికి కూడా ఇలాంటిదే కొనొచ్చా అన్నవి మిగతా ప్రశ్నలు.

నిక్షేపంగా వేసుకోవచ్చు. లినక్స్ అంటే విండోస్‌కి బదులు ఉచితంగా వేసుకోగల ఆపరేటింగ్ సిస్టమ్. దాంట్లో మింట్ అనే రకం, అందులోనూ తేలికపాటి డెస్క్‌టాప్ ఉన్న ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ వేయండి. 64 జీబీలో రెండు సిస్టమ్‌లు ఇరికించొద్దు. ఫైళ్లన్నీ బయటికి తీసి పెట్టుకుని, డిస్క్ మొత్తం లినక్స్‌కే ఇచ్చేయండి. అయితే అది చేసే ముందు రెండు మూడు రోజులు పెన్‌డ్రైవ్ మీద నుంచే నడిపి చూడండి. ఈ చివరి మాటే అన్నిటికన్నా ముఖ్యం. మా ఊళ్ళో కాలేజీ పిల్లల ల్యాప్‌టాప్‌లు చాలా ఏళ్లుగా చూస్తున్నాను. లినక్స్ వేసి వారంలో తీసేసినవాళ్లలో ఎక్కువమందికి అడ్డం వచ్చింది లినక్స్ కాదు. తమ ల్యాప్‌టాప్‌లో వైఫై గానీ సౌండ్ గానీ పనిచేస్తుందో లేదో చూసుకోకుండానే ఇన్‌స్టాల్ కొట్టేయడం.

ఏ లినక్స్ అన్నదాని కంటే మీ మెషీన్ ఏంటన్నది ముందు చూడాలి. ఎన్4020 రెండు కోర్ల చిన్న ప్రాసెసర్. 64 బిట్‌దే కాబట్టి ఇప్పటి లినక్స్ దాదాపు ఏదైనా దాని మీద నడుస్తుంది. ఈఎమ్ఎమ్‌సీ అంటే మదర్‌బోర్డు మీదే అతికించేసిన స్టోరేజీ చిప్. ఎస్ఎస్‌డీలా విప్పి మార్చలేం, వేగం కూడా తక్కువే. ర్యామ్ నిండిపోయినప్పుడు సిస్టమ్ ఈ చిప్ మీద రాయడం మొదలుపెడుతుంది, మీరు హ్యాంగ్ అంటున్నది చాలావరకు అదే. విండోస్ 11కి 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ కనీస అర్హతలు. అంటే మీ ల్యాప్‌టాప్ మొదటి రోజు నుంచీ అంచు మీదే నిలబడి ఉంది. మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ మాత్రం ఏమీ తెరవనప్పుడు ఒక జీబీకి అటూ ఇటూ ర్యామ్‌తో సర్దుకుంటుంది, డిస్క్‌లో పది పన్నెండు జీబీ తీసుకుంటుంది. మిగిలింది మీదే.

ఒక్కటి మాత్రం ముందే చెప్పాలి. లినక్స్ వేస్తే ప్రాసెసర్ మారదు. క్రోమ్‌లో ఇరవై ట్యాబులు తెరిస్తే ఇక్కడా ఆగిపోతుంది. ఇప్పుడు బూట్ అవ్వడం, ఫైల్ తెరవడం, టైప్ చేయడం, ఐదారు ట్యాబులతో చదువుకోవడం కూడా కష్టంగా ఉంది కదా, అవి హాయిగా సాగుతాయి. ఆశ అంతవరకే పెట్టుకోండి.

విండోస్ లేకపోతే ఆగిపోయే పనులు మీకున్నాయా? దీనికి నిజాయితీగా జవాబు చెప్పుకోండి. టాలీ నేర్చుకోవాలన్నా, పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో డీటీపీ చేయాలన్నా విండోస్ కావాలి. మా వీధిలో శుభలేఖలు, కరపత్రాలు కంపోజ్ చేసే ఒకాయన లినక్స్ అడిగితే వద్దనే చెప్పాను. ఆయన పాత ఫైళ్లన్నీ అనులోనే ఉన్నాయి, ఆయన బతుకుతెరువు అది. ప్లేస్‌మెంట్ పరీక్షలు మరో చిక్కు. పరీక్ష రాస్తుండగా వేరేవేవీ తెరవనివ్వని సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ లాంటివి లినక్స్‌కి లేవు. పరీక్ష రోజున కాలేజీ ల్యాబో, ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌తోనో సర్దుకోగలరా చూసుకోండి. ప్రింటర్ ఉంటే దాని మోడల్ కూడా వెతకండి. మన ఊళ్ళలో ఇంటింటా, జిరాక్స్ షాపుల్లో కనిపించే కెనాన్ ఎల్‌బీపీ2900కి లినక్స్‌లో డ్రైవర్ ఎక్కించడం కొత్తవాళ్లకి కష్టం. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 పనిచేస్తుంది, కాకపోతే హెచ్‌పీ లినక్స్ సాఫ్ట్‌వేర్‌కి తోడు ఒక ప్లగిన్ దించుకోవాలి. వర్డ్, ఎక్సెల్ విషయానికొస్తే అసైన్‌మెంట్లకి లిబ్రేఆఫీస్ చాలు. అచ్చంగా మైక్రోసాఫ్ట్‌దే కావాలంటే బ్రౌజర్‌లో నడిచే ఆఫీస్ ఉంది.

ఇవేవీ అడ్డం కాకపోతే పెన్‌డ్రైవ్ తయారు చేసుకుందాం. 8 జీబీది చాలు, కానీ అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి, పెళ్లి ఫోటోల్లాంటివి లేనిది తీసుకోండి. లినక్స్ మింట్ అధికారిక సైట్ నుంచి 22 శ్రేణిలో తాజా వెర్షన్, ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ దించుకోండి. దాదాపు 3 జీబీ ఉంటుంది. ఈ శ్రేణి ఉబుంటు 24.04 మీద కట్టింది, 2029 ఏప్రిల్ దాకా అప్‌డేట్లు వస్తాయి. అంటే మీ డిగ్రీ అయ్యేదాకా మళ్ళీ వేయాల్సిన పని లేదు. ఎవరో ఎప్పుడో దించి పెట్టుకున్న పాత ఫైల్ తీసుకోకండి. 2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ అప్‌డేట్ తర్వాత, సెక్యూర్ బూట్ (నమ్మకమైన సిస్టమ్‌నే మొదలవ్వనిచ్చే రక్షణ) ఆన్‌లో ఉన్న మెషీన్లు కొన్ని పాత లినక్స్ పెన్‌డ్రైవ్‌లని తెరవనివ్వడం మానేశాయి. దించిన ఫైల్ మధ్యలో పాడవలేదని చూసుకోవడానికి సైట్‌లో షా256 అనే పొడుగాటి సంఖ్య ఇస్తారు, దాంతో సరిపోల్చుకోండి. తెగుతూ తెగుతూ వచ్చే మొబైల్ డేటాతో దించితే ఈ పని అస్సలు వదలొద్దు.

ఆ ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లో ఊరికే కాపీ చేస్తే బూట్ అవ్వదు. రూఫస్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో రాయాలి. మీలాంటి చవక ల్యాప్‌టాప్‌ల దగ్గర ఇక్కడో మెలిక ఉంటుంది. చాలావాటిలో విండోస్ 'ఎస్ మోడ్'లో వస్తుంది. స్టోర్‌లో ఉన్న యాప్‌లు తప్ప బయటివి తెరవనివ్వదు, కాబట్టి రూఫస్ కూడా తెరుచుకోదు. స్టోర్ నుంచే ఎస్ మోడ్ వదిలించుకోవచ్చు, డబ్బులేం తీసుకోరు. లేదంటే పెన్‌డ్రైవ్ వేరే కంప్యూటర్‌లో తయారు చేసుకోండి.

బయోస్ (విండోస్ కంటే ముందు తెరుచుకునే ల్యాప్‌టాప్ సొంత సెట్టింగ్‌లు) ముట్టుకునే ముందు బిట్‌లాకర్ కీ, అంటే విండోస్ డిస్క్ తాళం తీసే సంఖ్య, రాసి పెట్టుకోండి. కొత్త ల్యాప్‌టాప్‌లలో మనకి తెలియకుండానే డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. మాకు తెలిసిన అమ్మాయి ఒకరు ఏదో వీడియో చూసి సెక్యూర్ బూట్ ఆపేసింది. రీస్టార్ట్ చేస్తే నీలం స్క్రీన్ మీద 48 అంకెల కీ అడిగింది. ప్రాజెక్ట్ రిపోర్ట్ అంతా లోపలే ఉండిపోయింది. అదృష్టం కొద్దీ ఆ కీ ఆమె మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దొరికింది. ఆ అకౌంట్ షాపతను తన ఈమెయిల్‌తో తెరిచి ఉంటే ఏం జరిగేదో ఆలోచించండి. మీది ఎవరి ఈమెయిల్‌తో తెరిచారో ఇవాళే చూడండి. మింట్‌కి సెక్యూర్ బూట్ ఆపాల్సిన అవసరం కూడా మామూలుగా రాదు, దాని జోలికి పోకండి.

దేని నుంచి మొదలవ్వాలో ఎంచుకునే బూట్ మెనూ కోసం ల్యాప్‌టాప్ ఆన్ చేసిన వెంటనే ఒక మీట పదే పదే నొక్కాలి. డెల్, లెనోవోల్లో ఎఫ్12. హెచ్‌పీలో ఎస్కేప్ నొక్కి ఎఫ్9. అసుస్‌లో ఎస్కేప్. ఏసర్‌లో ఎఫ్12యే గానీ, ముందు ఎఫ్2తో బయోస్‌లోకి వెళ్ళి ఆ మెనూని ఎనేబుల్ చేయాల్సి రావచ్చు. విండోస్‌లో షట్‌డౌన్ చేసినా అది పూర్తిగా ఆగదు, ఫాస్ట్ స్టార్టప్ అనే సెట్టింగ్ వల్ల సగం నిద్రలో ఉంటుంది. అందుకని షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ కొట్టండి.

పెన్‌డ్రైవ్ నుంచి మింట్ డెస్క్‌టాప్ వచ్చాక ఇన్‌స్టాల్ గుర్తు అక్కడే కనిపిస్తుంది. దాన్ని ఇప్పుడే నొక్కకండి. ముందు వైఫై కనెక్ట్ చేయండి. చవక మోడళ్లలో తరచూ రియల్‌టెక్ చిప్ ఉంటుంది. ఇప్పటి కెర్నెల్ (లినక్స్ గుండెకాయ లాంటి భాగం) వాటిలో చాలావాటిని తనంతట తానే గుర్తుపడుతుంది, ఐదారేళ్ల క్రితం పరిస్థితి ఇలా లేదు. వైఫై కనిపించకపోతే కంగారు పడొద్దు, ఫోన్‌ని కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, నెట్ వచ్చేస్తుంది. ఇన్‌స్టాల్ అయ్యాక డ్రైవర్ మేనేజర్ ఏమైనా చూపిస్తుందేమో చూడొచ్చు. అదీ కాకపోతే చిన్న వైఫై డాంగిల్ ఉండనే ఉంది. తర్వాత సౌండ్ చూడండి, స్పీకర్‌లోనూ ఇయర్‌ఫోన్‌లోనూ. ఈఎస్8336 అనే ఆడియో చిప్ ఉన్న ల్యాప్‌టాప్‌లకి లినక్స్‌లో సౌండ్ రాక జనం ఇబ్బంది పడ్డారు. మీదాంట్లో రాకపోతే అది కొత్తవాళ్లు తేల్చుకునే సమస్య కాదు, అక్కడే ఆగి ఆలోచించండి. టచ్‌ప్యాడ్ మీద రెండు వేళ్లతో స్క్రోల్ చేయండి. కెమెరా, బ్లూటూత్, బ్రైట్‌నెస్ మీటలు చూడండి. మూత మూసి కాసేపాగి తెరవండి, నిద్ర లేస్తుందా? చవక మెషీన్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. పెన్‌డ్రైవ్ మీద నడిచేటప్పుడు అంతా కాస్త నెమ్మదిగా ఉంటుంది, దాన్ని బట్టి వేగం అంచనా కట్టకండి. అలాగే ఇలా నడిపినప్పుడు దాచుకున్న ఫైళ్లు రీస్టార్ట్‌తో పోతాయి.

ఇక డ్యూయల్ బూట్, అంటే విండోస్, లినక్స్ రెండూ ఉంచుకోవడం, ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. 64 జీబీ అని పెట్టె మీద ఉన్నా విండోస్ చూపించేది 58 చిల్లర. అందులో సగం దాకా విండోసే తింటుంది. మిగిలిన దాంట్లో లినక్స్‌కి ఇరవై ఇస్తే రెండిటికీ ఊపిరాడదు. అప్‌డేట్లకి చోటు లేక ఇప్పుడు పడుతున్న బాధే రెండు రెట్లవుతుంది. 256 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్నవాళ్లు అడిగితే మాత్రం నేనే డ్యూయల్ బూట్ చేసుకోమంటాను. అలాంటివాళ్లు చోటు తగ్గించే పని విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే చేసుకోవాలి. రెండూ వేశాక విండోస్‌లో గడియారం ఐదున్నర గంటలు తేడాగా కనిపిస్తే భయపడొద్దు. లినక్స్ అంతర్జాతీయ సమయాన్ని, విండోస్ మన సమయాన్ని మదర్‌బోర్డులో రాస్తాయి. మింట్‌ని స్థానిక సమయం వాడమంటే సరిపోతుంది.

విండోస్ తీసేస్తే మళ్ళీ కొనాలేమో అన్న భయం చాలామందికి ఉంటుంది. కంపెనీ వేసి ఇచ్చిన విండోస్ అయితే దాని కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి దించి అదే ఎడిషన్ వేసుకుంటే నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది. ల్యాప్‌టాప్‌తో పాటు ఎంఎస్ ఆఫీస్ ఇచ్చి ఉంటే దాన్ని మాత్రం ఇప్పుడే మీ అకౌంట్‌కి జత చేసుకోండి.

ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోనో, క్లౌడ్‌లోనో, వీలైతే రెండు చోట్లా దాచుకోండి. డెస్క్‌టాప్ మీదవి, డౌన్‌లోడ్స్‌లోవి, బ్రౌజర్ పాస్‌వర్డ్‌లు, వాట్సాప్ నుంచి దించినవి అన్నీ. కాపీ చేశాం అనుకుని వదిలేయకండి, వేరే కంప్యూటర్‌లో నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి. ఇన్‌స్టాల్ అయ్యాక వెనక్కి తెచ్చుకునే దారి లేదు.

ఛార్జర్ పెట్టి ఇన్‌స్టాల్ మొదలుపెట్టండి. కీబోర్డ్ దగ్గర ఇంగ్లిష్ యూఎస్ ఎంచుకోండి. మన దగ్గర అమ్మేవాటి మీటలు అదే వరుస. పొరపాటున యూకే పడితే ఎట్ గుర్తు నొక్కితే కొటేషన్ పడుతుంది, తర్వాత పాస్‌వర్డ్ తప్పని మొత్తుకుంటారు. పాటలు, వీడియోలు నడవడానికి కావాల్సిన మల్టీమీడియా కోడెక్‌ల పక్కన టిక్ పెట్టండి. తర్వాత డిస్క్ మొత్తం చెరిపి ఇన్‌స్టాల్ చేసే ఎంపిక తీసుకోండి. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. నెట్‌లో చాలా గైడ్లు 'ఎస్‌డీఏ' అంటే మీ హార్డ్‌డిస్క్ అని చెబుతాయి. మీ ల్యాప్‌టాప్‌లో ఈఎమ్ఎమ్‌సీ పేరు 'ఎమ్ఎమ్‌సీ' అక్షరాలతో మొదలవుతుంది, ఎస్‌డీఏ అనేది మీరు గుచ్చిన పెన్‌డ్రైవ్ అవుతుంది. పేరు కాదు, పక్కన చూపించే సైజు చూసి ఎంచుకోండి. ఐ3, ఐ5 ల్యాప్‌టాప్‌లున్నవాళ్లకి వేరే సమస్య రావచ్చు, ఇన్‌స్టాలర్‌కి అసలు డిస్కే కనిపించదు. బయోస్‌లో స్టోరేజీ ఇంటెల్ సొంత పద్ధతి అయిన ఆర్ఎస్‌టీ లేదా వీఎమ్‌డీలో ఉండటమే కారణం. దాన్ని మామూలు పద్ధతి అయిన ఏహెచ్‌సీఐకి మారిస్తే విండోస్ బూట్ అవ్వకపోవచ్చు కాబట్టి, రెండూ ఉంచుకునేవాళ్లు ముందు దాని సంగతి చదివి మార్చాలి.

పని అయ్యాక మొదట అప్‌డేట్ మేనేజర్ తెరిచి అన్నీ అప్‌డేట్ చేయండి. తర్వాత సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో జెడ్‌ర్యామ్ అని వెతికి దాన్ని వేయండి. ఇది ర్యామ్‌లో ఉన్నదాన్ని కుదించి ర్యామ్‌లోనే ఉంచుతుంది, నెమ్మదైన ఈఎమ్ఎమ్‌సీ మీదికి పోయే అవసరం తగ్గుతుంది. 4 జీబీ మెషీన్ల మీద దీని తేడా కంటికి కనిపిస్తుంది. టైమ్‌షిఫ్ట్ అనే బ్యాకప్ సాధనం పెట్టుకోండి, కానీ రెండు కాపీలకి మించి ఉంచొద్దు, మీ డిస్క్ చిన్నది. ఫ్లాట్‌ప్యాక్ రకం యాప్‌లు (తమకి కావాల్సినవన్నీ వెంట తెచ్చుకునేవి) ఎక్కువ చోటు తింటాయి, అదే యాప్ మామూలు ప్యాకేజీగా దొరికితే అది తీసుకోండి.

యూట్యూబ్ తడబడితే దాని కారణం ఇదీ: వీడియోలని కుదించే పద్ధతులు చాలా ఉన్నాయి. ఎన్4020లోని గ్రాఫిక్స్ వాటిలో వీపీ9, హెచ్264 రకాలని సొంతంగా విప్పగలదు, ఏవీ1ని విప్పలేదు. యూట్యూబ్ ఏవీ1 పంపితే భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. ఫైర్‌ఫాక్స్ లోపలి సెట్టింగ్‌లలో ఏవీ1 ఆపేస్తే యూట్యూబ్ మిగతా రకాల్లో పంపుతుంది.

పైథాన్ మింట్‌లో ముందే ఉంటుంది. పైథాన్‌కి అదనపు ప్యాకేజీలు తెచ్చే పిప్‌తో ఏదైనా వేయబోతే, సిస్టమ్ పైథాన్‌ని ముట్టుకోవద్దంటూ ఎర్రర్ వస్తుంది. అది లోపం కాదు, సిస్టమ్ తనని కాపాడుకుంటోంది. నెట్‌లో కొందరు ఆ అడ్డు తీసేసే ఆప్షన్ రాయమంటారు, వినకండి. ప్రతి ప్రాజెక్టుకీ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (దాని ప్యాకేజీలకి విడిగా ఒక చోటు) తెరుచుకునే అలవాటు మొదటి రోజే చేసుకోండి, ఉద్యోగంలో కూడా అలాగే చేస్తారు. కోడ్ రాసుకునే వీఎస్ కోడ్ నడుస్తుంది గానీ పక్కన బ్రౌజర్ కూడా ఉంటే 4 జీబీకి బరువు. నేర్చుకునే రోజుల్లో అంతకన్నా తేలికైన థోనీ గానీ జియానీ గానీ వాడండి. ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో ఈ మెషీన్ మీద పెట్టుకోకండి.

తెలుగు విషయంలో నిశ్చింతగా ఉండండి. చదవడానికి నోటో, లోహిత్ ఫాంట్లు ఉన్నాయి. పోతన, వేమన ఫాంట్లు కూడా వేసుకోవచ్చు. టైపింగ్‌కి ఐబస్ అనే ప్రోగ్రామ్, దానితో పాటు ఎమ్17ఎన్ ప్యాకేజీ వేస్తే ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డ్ వరుస) వస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటుంటే ఆర్‌టీఎస్, ఐట్రాన్స్ పద్ధతులు కూడా అందులోనే ఉంటాయి. వేశాక ఒకసారి లాగవుట్ అయి రావాలి, చాలామంది ఇది చేయక రావట్లేదనుకుంటారు. ఇప్పుడు నేర్చుకునేదే అయితే ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోండి. మొదట్లో చెయ్యి తిరగదు, కానీ ఒత్తులు, సంయుక్తాక్షరాలు ఏ సందేహం లేకుండా పడతాయి. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ లినక్స్‌ని తెలుగులోకి తేవడానికి చాలా పని చేసింది. మీ కాలేజీలో వాళ్ల గ్లగ్ (లినక్స్ వాడేవాళ్ల) బృందం ఉంటే వెళ్ళి కలవండి, పక్కన కూర్చుని చూపించేవాళ్లు దొరికితే అంతకన్నా ఏం కావాలి.

మీ ఫ్రెండ్ చెప్పిన ఉబుంటు తప్పేం కాదు, కాకపోతే దాని మామూలు డెస్క్‌టాప్ 4 జీబీకి బరువు. మింట్ దాని మీద కట్టిందే కాబట్టి ఉబుంటు కోసం రాసిన సలహాలు చాలావరకు మీకూ పనికొస్తాయి. ఆర్చ్ మంచి సిస్టమ్, ఓ ఏడాది పోయాక సరదాగా వేసి చూడండి. ఇప్పుడు మీకు కావాల్సింది రేపు పొద్దున క్లాసు వేళకి తెరుచుకునే ల్యాప్‌టాప్.

తమ్ముడి సంగతి. ఇలాంటిదే కొనొద్దు. అదే డబ్బుకి ఆఫీసుల్లో వాడి తీసేసిన డెల్ ల్యాటిట్యూడ్‌లు, లెనోవో థింక్‌ప్యాడ్‌లు వెతకండి. ఇంటెల్ ఆరు, ఏడో తరం ఐ5లకి విండోస్ 11 అర్హత లేదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అందువల్ల విండోస్ వాళ్లకి వాటి మీద మోజు తగ్గింది. లినక్స్‌కి ఆ అడ్డంకి లేదు, పైగా చాలావాటిలో ర్యామ్, ఎస్ఎస్‌డీ మనమే విప్పి మార్చుకోవచ్చు. సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ వైపు వెళ్తే ఇలాంటివి అమ్మే షాపులు కనిపిస్తాయి. హార్డ్‌డిస్క్ ఉన్నది తీసుకుంటే ముందు దాన్ని ఎస్ఎస్‌డీగా మార్పించండి, మిగతావన్నీ తర్వాత. షాపుకి వెళ్ళేటప్పుడు మీరు చేసిన మింట్ పెన్‌డ్రైవ్ జేబులో పెట్టుకెళ్ళండి. అక్కడే బూట్ చేసి వైఫై, సౌండ్, కెమెరా, అన్ని మీటలూ చూడండి. పవర్ సెట్టింగ్‌లలో బ్యాటరీ మొదటి సామర్థ్యం ఎంత, ఇప్పుడెంత మిగిలిందో చూపిస్తుంది. సగం కంటే తక్కువైతే కొత్త బ్యాటరీ ఖరీదు తగ్గించమని అడగండి. పెన్‌డ్రైవ్ పెట్టనివ్వని షాపులో కొనకండి.